ఏకై వచ్చి మేకైన ఆలోచన

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇవాళ మనం మాట్లాడుకునేది అతిగా ఆలోచించడం గురించి. ముందు నా సంగతి చెప్పేస్తాను. ఒకసారి విశాఖపట్నం వెళ్దామని బస్సెక్కాను. రణస్థలం వచ్చేసరికి గ్యాస్ కట్టేశానా లేదా అని అనుమానం. దిగిపోయి, ఇంకో బస్సు పట్టుకుని ఇంటికొచ్చి చూస్తే గ్యాస్ కట్టే ఉంది. మళ్లీ బయల్దేరాను. ఎచ్చెర్ల దాటగానే, ఇందాకటి కంగారులో తలుపుకు తాళం వేశానా అని మొదలైంది! లెక్క ఒకసారి సరిచూసుకుంటే చాలని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి నేను.

పొందూరు ఖద్దరు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చుట్టి వడుకుతారు. ఏకు చేతిలో ఉన్నా ఉన్నట్టు తెలియదు, అంత మెత్తన. ‘ఏకై వచ్చి మేకై కూర్చుంది’ అంటామే, ఆలోచనా అంతే. నేను పంపిన మెసేజ్‌కు స్నేహితుడు ‘సరే’ అని ఒక్క ముక్క పెట్టాడేమిటి? పొద్దున అది ఏకు. కోపమొచ్చిందా, మొన్న నేనన్న మాటకా, అసలు నేనంటేనే గిట్టదా అని తిప్పగా తిప్పగా రాత్రి పన్నెండింటికి మేకు. ఆ స్నేహితుడు బండి మీద ఉండి ‘సరే’ అని కొట్టి ఉంటాడు, పాపం.

ఇలా అతిగా ఆలోచించేవాళ్లకు ఇంట్లో అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: ‘ఆలోచించడం మానెయ్’. నాకు తెలిసి ఇంతకంటే పనికిరాని సలహా లేదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులను కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి తప్ప ఏదైనా ఆలోచించండి, అది గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంట మోగుతూనే ఉంది. తరవాత ఇప్పుడు దాని గురించే ఆలోచించండి అంటే, మొదటినుంచీ ఆలోచించమని చెప్పినవాళ్లకంటే వీళ్లకే ఎక్కువగా గుర్తొచ్చింది. మన ఉద్దానంలో జనం నల్ల ఎలుగుబంట్లతోనే వేగలేకపోతున్నారు, ఆయన తెల్లదాన్ని కూడా తోలాడు.

మరి ఏం చెయ్యాలి? ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ వాట్కిన్స్ అనే ఆయన ఏళ్ల తరబడి ఈ సంగతే చూశాడు. ‘నాకే ఎందుకిలా’ అని అడుగుతూ పోతే మనసు గానుగెద్దులా తిరుగుతుంది. ‘ఏం జరిగింది, తరవాతి పని ఎలా’ అని అడిగితే ముందుకు కదులుతుంది. నేనీ మాట చదివినప్పుడు నవ్వొచ్చింది. మా అమ్మ బడి మొహం చూడలేదు. నేను పరీక్ష పాడుచేసుకొచ్చి మూల కూర్చుంటే, ‘ఏటయిందిరా? అయిందేదో అయింది, ఇప్పుడేటి చేద్దుం?’ అనేది. ఎందుకయిందని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

అయితే ప్రతి ఆందోళననీ ఈ గాటన కట్టకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా బావగారి జీడితోట, కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. అప్పటినుంచీ అక్టోబరులో గాలి వీస్తే ఆయనకు నిద్ర పట్టదు. దాన్ని అతి ఆలోచన అనడానికి నాకు నోరు రాదు. దెబ్బ తిన్న మనిషికి ఆ భయం ఉంటుంది. ఆయన చేసేది మాత్రం చెప్తాను. తుపాను కబురు తెలియగానే పాసుపుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో చుడతాడు, ఫోను చార్జింగ్ పెడతాడు, పశువుల కట్లు విప్పుతాడు. తరవాత గంటగంటకీ టీవీ చూడడు. చూస్తే గాలి తగ్గదు కదా అంటాడు.

నాకు కుదిరింది ఇంకొకటి. 1983లో థామస్ బోర్కోవెక్ బృందం ప్రయోగించి చూసిన పద్ధతి: బెంగకు రోజూ ఒకేచోట, ఒకే వేళలో అరగంట కేటాయించడం. మిగతా సమయంలో వస్తే ‘సాయంత్రం చూద్దాం’ అని వాయిదా వెయ్యడం. నేను ఆరున్నరకు పెరట్లో కుర్చీ వేసుకుంటాను. పగలు వచ్చినవి చిన్న పుస్తకంలో రాసుకుంటాను. పడుకునే ముందు మాత్రం వద్దు, నిద్ర చెడుతుంది. మొదటి వారం నాకు అస్సలు కుదరలేదు, టెన్షన్ మాట వినలేదు. ఇప్పుడు పుస్తకం తెరిస్తే సగం రాతలు ఎందుకు రాశానో నాకే తెలియడం లేదు. మొన్న ఒకచోట ‘మేనేజరు, కుర్చీ’ అని ఉంది. ఏ మేనేజరో, ఏ కుర్చీయో!

వారాల తరబడి నిద్ర లేక, తిండి సయించక, చదువు సాగకపోతే ఈ పుస్తకాలు చాలవు. డాక్టరు దగ్గరికి వెళ్లండి. మనసు బాగోలేనివాళ్లు ఫోన్లో మాట్లాడడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులకు ఒక్క మనవి: పిల్ల ఆ నంబరుకు ఫోన్ చేస్తే ‘ఎవరైనా వింటే ఏమనుకుంటారు’ అనకండి.

ఇక మీరు అడగండి. మూడో వరసలో అమ్మా, నువ్వు ఇందాకటినుంచి రెండుసార్లు చెయ్యెత్తి దించేశావు. ప్రశ్న బాగుందో లేదో చూసుకుంటున్నట్టున్నావు. ఎలా ఉన్నా సరే, అడుగు.