కాపు గుత్తకిద్దాం, తోట కాదు

శ్రోతలకు నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వైపు గంజపా అంటే తెలియనివాళ్ళు తక్కువ. గుడ్డపొరలకు చింతగింజల జిగురు పట్టించి, గుండ్రంగా కోసి, బొమ్మలు వేసిన పేకముక్కలు. ఎనిమిది రంగుల ఆటకి 96 ముక్కలు. మా తాతగారు అరుగు మీద ఆటకి కూర్చుంటే భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చేది.

ఆ పిచ్చి నాకూ, మా మేనల్లుడికీ అంటుకుంది. సంతలో చింతపండు, జీడిపిక్కలు కొని అమ్మే బోర్డ్ గేమ్ ఒకటి తయారుచేసి, 300 పెట్టెలు అచ్చువేసుకున్నాం. పోయినేడు ఒక ఆన్‌లైన్ ఆటల సంస్థ కబురు పెట్టింది: మీ ఆటను ఫోన్లలో ఆడిస్తాం, 40,000 ఇస్తాం అని. మావాడు సంతకానికి సిద్ధం. "ఉండరా, చదవనీ" అన్నాను. పదకొండు పేజీలు!

మూడో పేజీలో దొరికింది. ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో, అన్ని భాషల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా హక్కులన్నీ వాళ్ళవేనట. "ఒరేయ్, మామిడికాపు గుత్తకడుగుతున్నట్టు మాట్లాడి తోటే రాయించుకుంటున్నారు" అన్నాను. "మామయ్యా, ఆడే పద్ధతి మనదేగా, అదెలా తీసుకుంటారు?" అన్నాడు వాడు. చిక్కంతా అక్కడే. ఆడే పద్ధతికి మన దేశంలో పేటెంటు రాదు, పేటెంట్ల చట్టంలోనే ఆ మాట ఉంది. కాపీరైటూ రాదు. గంజపా ఎవరైనా ఆడొచ్చు. ఒక చిత్రకారుడు సొంతంగా గీసిన బొమ్మ మాత్రం ఆయనది. మా బొమ్మలు, నియమాల పుస్తకంలో మేం రాసిన మాటలు, అంతే మా ఆస్తి. అవి కూడా ఇచ్చేస్తే చేతిలో ఏం మిగులుతుంది?

1957 కాపీరైట్ చట్టం కొంత ఆదుకుంటుంది. గడువు రాయకపోతే ఐదేళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అంటుంది. అది రాయనప్పటి మాట. వీళ్ళు శుభ్రంగా "శాశ్వతంగా" అని రాశారు.

మోనోపలీకి మూలమైన ఆటకు అమెరికాలో లిజీ మాగీ 1904లోనే పేటెంటు పొందారు. 1935లో తన హక్కుల్ని 500 డాలర్లకు, రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, లేకుండా అమ్మేశారు. ఈ కథ చెప్పాక మావాడు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

రెండు నెలలు బేరమాడాం. గడువు మూడేళ్ళకు, హక్కు ఫోనూ కంప్యూటర్ల వరకే దిగింది. ఏడాదిలోగా ఆట విడుదల చేయకపోతే హక్కు మాకే తిరిగొస్తుంది. అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది "నికర ఆదాయంలో పది శాతం" అన్న ముక్క. వంద రూపాయలొస్తే ప్రకటనలకింత, సర్వర్లకింత, "ఇతర ఖర్చులు" ఇంత అని కోస్తే నలభై మిగులుతుంది, మనకు నాలుగు. ఏం కోస్తారో పేరుపేరునా రాయమన్నాం. "ఇతర" అన్న మాట కొట్టేయించడానికే పదిహేను రోజులు పట్టింది. లెక్కల పుస్తకాలు చూసే హక్కు మాత్రం ఇవ్వలేదు. అక్కడ ఓడిపోయాం, ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అచ్చు హక్కు మాత్రం అన్ని భాషల్లోనూ మా దగ్గరే ఉంచుకున్నాం. గుణుపురంలో ఆట చూపించినప్పుడల్లా పిల్లలు ఒడియాలో ఉందా అని అడుగుతారు. ఆ ఒడియా కార్డులు ఇప్పుడు బరంపురంలో ప్రెస్సులో ఉన్నాయి. చింతపండు బస్తా రంగు కాస్త ముదిరిందని మావాడు నిన్న మళ్ళీ బస్సెక్కి వెళ్ళాడు.