షేడ్ ఎక్కడ, షాడో ఎక్కడ

(నల్లగొండలో పోటీ పరీక్షల విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గ్రూప్స్‌కో, టెట్‌కో చదువుతున్న మీ అందరి దగ్గర ఇంగ్లిష్ సిననిమ్స్, అంటే ఒకే అర్థమిచ్చే మాటల గైడు ఒకటి ఉంటుంది. బట్టీ పడితే కొన్ని బిట్లు వస్తాయి, కాదనను. కానీ ఆ మాటలన్నింటికీ అర్థం ఒకటేనని మనసులో పాతుకుపోతే, సొంతంగా వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి ఆగిపోతుంది. ఆ తేడాలు తెలుసుకోవడానికి లండన్ పోనక్కర్లేదు. మన దగ్గరే ఉన్నాయి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీలో చాలామంది చూసే ఉంటారు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. మండపం స్తంభాల సందుల్లోంచి వెలుతురు లోపలికొచ్చే తీరే దానికి కారణం. ఆ నీడకు ఆకారం ఉంది. వేలు పెట్టి ఇదిగో అని చూపించొచ్చు. అది షాడో. ఇప్పుడు జర మహబూబ్‌నగర్ పోదాం. అక్కడి పిల్లలమర్రి ఊడలు దిగి ఎకరాల కొద్దీ పరుచుకుంది. ఎండన పడి వచ్చినవాళ్లు తరతరాలుగా దాని కింద సేదతీరారు. వాళ్లకు కావాల్సింది ఆకారం కాదు, ఎండ తగలని చోటు. అది షేడ్. షాడోలను ఒకటి, రెండు అని లెక్కపెడతాం. చెట్టు కింది షేడ్‌ను లెక్కపెట్టం. చెట్టు షాడోలో సేదతీరామని రాస్తే చదివేవాళ్లకు విషయం తెలుస్తుంది గానీ, చల్లదనం తగలదు.

ఇక నీళ్లు. మన నల్లగొండ జిల్లాలో మాటల తేడా మనుషుల బతుకుల మీదికే వచ్చింది. గ్లాసులో పోస్తే అడుగు కనిపించే నీళ్లు క్లియర్. మురికి లేకపోతే క్లీన్. ఇంకేదీ కలవకపోతే ప్యూర్. తాగినవాళ్లకు హాని చేయకపోతే సేఫ్. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరునీళ్లు చూడ్డానికి క్లియరే, కానీ సేఫ్ కావు. ఆ నీళ్లే ఏండ్ల తరబడి తాగి పళ్లు గారపట్టినవాళ్లు, నడుము వంగిపోయినవాళ్లు మన ఊళ్లలో ఎందరున్నారో మీకు నేను చెప్పాలా? పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. దాని పని నీళ్లను సేఫ్ చేయడం, ప్యూర్ చేయడం కాదు. లవణాలు అందులో ఇంకా ఉంటాయి. ఈ ఒక్క తేడా తెలిసినవాడు నీటి మీద వ్యాసం రాస్తే, పేపరు దిద్దేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఇంగ్లిష్‌లో ఇన్ని జంటలెందుకంటే, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక దర్బారులో, కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. ఊళ్లో జనం మాట బై, దొరలతో వచ్చిన మాట పర్చేజ్. అంగట్లో కూరగాయలు బై చేస్తాం, ఆఫీసుకు బల్లలు పర్చేజ్ చేస్తారు. మన దగ్గర లేదా ఇది? పొద్దుగూకితే ఇంటికి పోతాం, ఎవరూ గృహానికి పోరు. పత్రిక మీద మాత్రం గృహప్రవేశమే. సర్కారు దవాఖానా అన్నప్పుడు తోచేది వేరు, ఆసుపత్రి అన్నప్పుడు తోచేది వేరు. ఈ చెవి మీకు పుట్టుకతో వచ్చింది. దాన్నే ఇంగ్లిష్ వైపు తిప్పండి.

పాలమూరు లేబర్ ముంబై పోతే మైగ్రేట్. దేశం దాటి గల్ఫ్ పోతే, ఇక్కడున్న మనం చెప్పేటప్పుడు ఎమిగ్రేట్. వాళ్లకు రోజుకో వారానికో లెక్కగట్టి ఇచ్చేది వేజెస్, మీరు చదివేది నెలనెలా వచ్చే సాలరీ కోసం.

అనుమానం వస్తే రెండు మాటలతో రెండు వాక్యాలు రాయండి. ఒకదాంట్లోది తీసి ఇంకోదాంట్లో పెట్టండి. ఎక్కడ అతకలేదో తేడా అక్కడుంది. వచ్చే వారం సే, టెల్, స్పీక్, టాక్ తీసుకుందాం. నాలుగింటికీ మీ ఊరి ముచ్చటతోనే తలా ఒక వాక్యం రాసుకుని రండి.