ఇటుక గోడ మీద పలుచని ప్లాస్టిక్ అక్షరాలు: జిగురు ఎంతవరకు, కడ్డీ ఎక్కడ

అందరికీ నమస్కారం. మా ఇంటి ముందరి ఇటుక గోడ మీద ‘వెన్నెల’ అని ఇంటి పేరును తెలుగు అక్షరాలలో బిగించే పనిని ఈ వీడియోలో మొదటి నుండి చూపిస్తున్నాను. అక్షరాలను 3 మిల్లీమీటర్ల మందం గల ఆక్రిలిక్ పలక నుండి కోయించాను. వాటిలో పెద్దదాని ఎత్తు 20 సెంటీమీటర్లు. విదేశాలలో సొంత ఇల్లు కొనుక్కుని గోడ మీద తెలుగు పేరు పెట్టుకోవాలనుకునే మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: ఇంత తేలికైన అక్షరానికి రెండు వైపులా అంటుకునే టేపు చాలదా, గోడకు రంధ్రాలు చేయడమెందుకు? బరువు మోయడానికైతే టేపు నిక్షేపంగా సరిపోతుంది. అయితే బయటి గోడ మీద అక్షరాన్ని ఊడదీసేది దాని బరువు కాదు.

లెక్క వేసి చూద్దాం. ఆక్రిలిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.19 గ్రాములు కాబట్టి, 150 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 3 మిల్లీమీటర్ల మందం గల అక్షరం 54 గ్రాములకు మించి తూగదు. అదే అక్షరం మీద గంటకు 108 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే చదరపు మీటరుకు దాదాపు 550 న్యూటన్ల ఒత్తిడి పుడుతుంది. ఆ గాలి అక్షరం వెనుకకు దూరి బయటికి నెట్టిందంటే 800 గ్రాముల బరువు వేలాడదీసినంత లాగుడు పడుతుంది. సొంత బరువుకు అది ఇంచుమించు పదిహేను రెట్లు. పైగా గాలి ఒకే దిక్కున నిలకడగా నెట్టదు, కొట్టి వదులుతూ ఉంటుంది.

గాలి కంటే మొండి శత్రువు ఎండ. ఆక్రిలిక్ ఒక డిగ్రీ వేడెక్కినప్పుడు తన పొడవులో పది లక్షల వంతులకు సుమారు 70 వంతులు సాగుతుంది. ఇటుక సాగేది 6 వంతుల దరిదాపులలోనే. ముదురు రంగు అక్షరం వేసవి ఎండలో 60 డిగ్రీల దాకా కాగి, చలికాలపు రాత్రి సున్నా డిగ్రీలకు చల్లబడుతుందనుకుంటే, 30 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్క మిల్లీమీటరు పైచిలుకు సాగి ముడుచుకుంటుంది. దాని వెనుకనున్న ఇటుక మాత్రం మిల్లీమీటరులో పదో వంతు కూడా కదలీ కదలనట్టే ఉంటుంది. మధ్యనున్న జిగురు గట్టిదైతే ఈ తేడానంతా అదే భరించాలి; భరించలేనప్పుడు జిగురైనా పగులుతుంది, లేదా పలుచని ప్లాస్టిక్ వంగి అంచుల దగ్గర లేస్తుంది. ఎపాక్సీని, క్షణాలలో అతుక్కునే సూపర్ గ్లూను నేను ఈ పనికి పక్కన పెట్టడానికి కారణం ఇదే. అవి బలం లేనివి కావు, సాగే గుణం లేనివి. పేరంతా ఒకే పొడుగాటి ముక్కగా కోయించకుండా అక్షరానికి అక్షరం విడిగా తీసుకోవడంలో లాభం కూడా ఇక్కడే ఉన్నది: ఏ ముక్క కదలిక దానిది.

ఇప్పుడు కెమెరాను గోడకు బాగా దగ్గరగా తెస్తున్నాను, చూడండి. ఇటుక ముఖం మీద గరుకుదనం, సన్నని గుంటలు, రవ్వంత తాకితే వేలికి అంటే పొడి కనిపిస్తున్నాయి. టేపు ఇటువంటి గోడను మిట్టల దగ్గర మాత్రమే తాకుతుంది, గుంటల మీదుగా వంతెనలా సాగిపోతుంది. నునుపుగా సిమెంటు పూసి రంగు వేసిన గోడైతే టేపు చక్కగా అతుకుతుంది గాని, అక్కడ అది పట్టుకునేది రంగును, గోడను కాదు. రంగు పెచ్చుగా లేచిన రోజున అక్షరం ఆ పెచ్చుతో సహా నేల మీద పడుతుంది. దీనికి తోడు తాపీపని గోడలు తేమను పీల్చుకుని వదులుతుంటాయి. ఆ తేమ లోపలి లవణాలను కరిగించి పైకి తెచ్చి, తెల్లని పొరగా విడిచిపెడుతుంది. జిగురు కింద ఆ పొర ఏర్పడితే ఎంత ఖరీదైన జిగురైనా చేసేదేమీ లేదు. కొత్తగా కట్టిన గోడకు కొన్ని నెలల పాటు ఆరే వ్యవధి ఇవ్వడం మంచిది.

జిగురును పూర్తిగా వద్దనుకోవలసిన పని లేదు, దానిని మెత్తగా వాడుకోవాలి. అందుకు తగినది సిలికాన్, గట్టిపడినా రబ్బరులా సాగే జిగురు. దాని ఎంపికలో ఒక మెలిక ఉన్నది. గొట్టం మూత తీయగానే వెనిగరు వాసన వచ్చే సిలికాన్ గట్టిపడే సమయంలో ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. సిమెంటులోను, సున్నంలోను ఉన్న క్షారంతో ఆ ఆమ్లం చర్య జరిపి, అతుకు పడవలసిన చోటనే బలహీనమైన పొరను మిగుల్చుతుంది. అందువల్ల న్యూట్రల్ క్యూర్ (ఆ ఆమ్లాన్ని విడుదల చేయని రకం) అని రాసి ఉన్న సిలికాన్‌ను గాని, అలాగే రబ్బరులా సాగే ఎమ్మెస్ పాలిమర్ అనే జిగురును గాని తీసుకోవాలి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ వంటి మైనపు స్పర్శ గల ప్లాస్టిక్‌లకు ఈ రెండూ సరిగా అతుక్కోవు కాబట్టి, అక్షరాలు కోయించడానికి ముందే పలక ఏ రకమో అడిగి తెలుసుకోవడం అవసరం. మరొక సంగతి, అక్షరం వెనుక భాగాన్ని శుభ్రం చేయాలని ఎసిటోన్ గాని, పెయింటు థిన్నరు గాని పూయవద్దు. కోసిన అంచుల దగ్గర ఆక్రిలిక్‌లో లోపలి ఒత్తిడి మిగిలి ఉంటుంది. ద్రావకం తగిలితే అక్కడ వెంట్రుకల వంటి పగుళ్ళు పుడతాయి. కొద్దిగా సబ్బు కలిపిన నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు.

అసలు పట్టు గోడ రంధ్రాలలోకి దిగే కడ్డీలది. మందం 3 మిల్లీమీటర్లే కాబట్టి అక్షరంలోనే మరలు కోయడం సాధ్యం కాదు. అందుకని అదే ఆక్రిలిక్‌తో చేసిన 8 మిల్లీమీటర్ల మందపు చిన్న దిమ్మలను అక్షరం వెనుక ఆక్రిలిక్ సిమెంటుతో అతికించాను; ఈ ద్రావకం రెండు ముఖాలను కొద్దిగా కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. దిమ్మలో మరలు కోసి, 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు మర కడ్డీని తిప్పి ఎక్కించాలి. మామూలు ఇనుప కడ్డీ వాడితే తుప్పు నీరు గోడ మీద చారలుగా దిగుతుంది, ఆ మరకను వదిలించడం అక్షరాలు బిగించడం కంటే పెద్ద పని.

ఏ ముక్కకైనా కనీసం రెండు కడ్డీలు ఉండాలి. ఒక్కటే ఉంటే గాలికి ముక్క దాని చుట్టూ తిరుగుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు ఇది సమస్యే కాదు, మన లిపికి మాత్రం ఆలోచించవలసి వస్తుంది. ‘వెన్నెల’లో నకారపు ఒత్తు అక్షరం కింద విడి ముక్కగా ఉంటుంది. అంత చిన్న ముక్క వెనుక రెండు దిమ్మలు పట్టాలంటే, కోయించే ముందే ఒత్తు ఆకారాన్ని కాస్త బొద్దుగా గీయించుకోవాలి. పేరులో సున్న ఉన్నవారు దాని వలయాన్ని కూడా దిమ్మ పట్టేంత వెడల్పుగా ఉంచమని చెప్పండి.

తరువాత కాగితం. పేరును అసలు కొలతలో అచ్చు వేయించి, కడ్డీల స్థానాలన్నీ దాని మీద గుర్తించాను. అచ్చు యంత్రాలు కొలతను కొంచెం కుదించే అవకాశం ఉన్నందున, కాగితం మీద 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేయించి, దానిని స్కేలుతో సరిచూసిన తరువాతనే గోడకు అంటించాలి. ఇక్కడ రసమట్టం ఒక మాట చెబితే ఇటుక వరస వేరొక మాట చెప్పవచ్చు. అప్పుడు నేను ఇటుక వరస మాటే వింటాను. ఎందుకంటే చూసేవారి కంటికి ఆనవాలు ఆ వరసే, దానితో సమాంతరంగా లేని పేరు ఎంత మట్టంగా ఉన్నా వంకరగానే కనిపిస్తుంది. ఒత్తులు కిందికి దిగుతాయి గనుక అడుగు గీతను ప్రధానాక్షరాల పాదాల నుండి తీసుకోవాలి.

రంధ్రాలు ఎక్కడ చేయాలన్న విషయంలో తాపీమేస్త్రీలు సైతం ఏకీభవించరు. వీలైనంతవరకు ఇటుకల మధ్య మాలులో చేయడమే నాకిష్టం; రేపు పేరు తీసివేసినా అంత మాలును తిరిగి నింపవచ్చు, ఇటుకకు పడిన బెజ్జం మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. కాని కడ్డీ స్థానం అక్షరాన్ని బట్టి వస్తుంది కాబట్టి, కొన్ని ఇటుకలోనే పడతాయి. లోపల బోలు గదులున్న ఇటుకలో బిట్ హఠాత్తుగా లోపలికి జారితే, కడ్డీని పట్టి ఉంచడానికి నింపే సిలికాన్ అక్కడ నిలవదు, జాలీ గొట్టం (జల్లెడ వంటి తొడుగు) పెట్టి నింపాలి. 4 మిల్లీమీటర్ల కడ్డీకి 6 మిల్లీమీటర్ల రంధ్రం, 40 మిల్లీమీటర్ల లోతు సరిపోతాయి. రంధ్రం లోపలి నుండి బయటికి రవంత వాలుగా ఉంటే నీరు నిలవదు. మాలు మెత్తగా ఉన్న చోట డ్రిల్లులోని సుత్తి దెబ్బను ఆపివేయండి. ఇటుక ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హానికరం. ధూళిని ఆపే మాస్కు, కళ్ళద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. రంధ్రాన్ని ఊది, బ్రష్ తిప్పి, మళ్ళీ ఊదాలి. పొడి మిగిలితే సిలికాన్ పొడినే పట్టుకుంటుంది.

బిగించడానికి మిట్టమధ్యాహ్నాన్ని గాని, గడ్డకట్టే చలిని గాని ఎంచుకోకండి. నడిమి ఉష్ణోగ్రతలో బిగించిన అక్షరానికి అటు సాగడానికి, ఇటు ముడుచుకోవడానికి సమానమైన చోటు మిగులుతుంది. గోడ పూర్తిగా పొడిగా ఉండాలి. ఆక్రిలిక్ పలకకు గీతలు పడకుండా రెండు వైపులా అంటించి ఇచ్చే కాపుదల పొరలలో వెనుకనున్న దానిని దిమ్మలు అతికించే ముందే ఒలిచివేశాను. పైనున్న దానిని బిగించిన వెంటనే తీసివేస్తాను, ఎండకు కాగితే అది అంటుకుపోయి గోటికి రాదు. రంధ్రాలలో సిలికాన్ నింపి, కడ్డీలను మెల్లగా లోపలికి తోసి, దిమ్మలు గోడకు ఆనేదాకా నొక్కాలి. గోడకూ అక్షరానికీ మధ్య ఆ 8 మిల్లీమీటర్ల సందు ఉండడం వలన వాన నీరు కిందికి జారిపోతుంది, నీడ పడి అక్షరం కూడా తేరి కనిపిస్తుంది.

గోడకు పూర్తిగా ఆనించి అతికించాలనుకునేవారు సిలికాన్‌ను వెనుక అంతటా పులమకుండా, నిలువు గీతలుగా, మధ్యలో ఖాళీలు వదిలి వేయాలి. సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకు 2 నుండి 3 మిల్లీమీటర్ల లోతు వరకే. రెండు పలకల నడుమ అంతటా నింపితే మధ్యభాగం చాలా కాలం పచ్చిగానే ఉండిపోతుంది. అడ్డగీతలైతే నీటిని ఆపుతాయి. ఇటువంటి చోట ఫోమ్ టేపు ముక్కలు రెండు మంచి సహాయకులు: సిలికాన్ గట్టిపడేవరకు అక్షరాన్ని జారకుండా ఆపుతాయి, జిగురు మందం మరీ పలుచన కాకుండా కాపాడతాయి.

ఎప్పుడైనా అక్షరాన్ని తీయవలసి వస్తే ఉలి పెట్టి పెకలించకండి, పలుచని ఆక్రిలిక్ ముందు విరిగేది అక్కడే. గట్టి నైలాను దారాన్ని అక్షరం వెనుక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే మెత్తని సిలికాన్ తెగిపోతుంది. కడ్డీలున్నవాటిని రెండు చేతులతో కొద్దికొద్దిగా కదుపుతూ బయటికి లాగి, మిగిలిన బెజ్జాలను గోడ రంగుకు కలిసే మాలుతో పూడ్చివేయవచ్చు.