చీపురుకర్రకు చుట్టిన సంతకాలు

అందరికీ నమస్కారం.

ఓటు హక్కు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ చరిత్ర ఎప్పుడు చదివినా నాకు వినిపించేది ఎవరో పక్కింటి తలుపు తట్టిన చప్పుడు. ఈ సాయంత్రం ఆ తలుపుల గురించి, ఇరుగుపొరుగు సేవకూ ఓటుకూ ఉన్న సంబంధం గురించి మాట్లాడతాను.

1893లో న్యూజిలాండ్‌లో కేట్ షెపర్డ్, ఆమె తోటి మహిళలు స్త్రీలకు ఓటు కావాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించారు. అన్ని అర్జీల మీదా కలిపి దాదాపు 32 వేల సంతకాలయ్యాయి. ప్రధానమైన అర్జీ కాగితాలను షెపర్డ్ ఒకదాని చివర ఒకటి జిగురుతో అతికించి, ఒక చీపురుకర్ర ముక్కకు చుట్టారు. పార్లమెంటు సభలో ఒక సభ్యుడు ఆ చుట్టను నేల మీద దొర్లిస్తే, అది విప్పుకుంటూ పోయి కర్ర అవతలి గోడకు ఠక్కున తగిలిందని చెబుతారు. ఆ ఏడాది సెప్టెంబర్ 19న చట్టం వచ్చింది. ఆ కర్ర తలపుకొస్తే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. రోజూ ఇల్లు ఊడ్చే వస్తువు మీదే ఆ మహిళలు తమ హక్కును మోసుకెళ్లారు.

ఇంకొక చోటికి వెళదాం. అమెరికాలోని దక్షిణ కరోలినా తీరంలో జాన్స్ ద్వీపం ఉంది. ఒకప్పుడు అక్కడ ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలో కొంత భాగం చదివి చూపించాల్సి వచ్చేది. నల్లజాతివారిని ముందు చదువుకు దూరం చేసి, ఆ చదువు లేదనే సాకుతో ఓటుకూ దూరం చేశారు. ఈసా జెంకిన్స్ అనే ఆయన ద్వీపం నుంచి కూలీలను నగరానికి బస్సులో చేరవేసేవారు. దారిలోనే వాళ్లకు ఆ వాక్యాలు నేర్పేవారు. 1957 జనవరిలో ఒక సహకార దుకాణం వెనక గదిలో పెద్దల బడి మొదలైంది. దాని వెనక ఉన్నది సెప్టిమా క్లార్క్ అనే ఉపాధ్యాయురాలు. పాఠాలు చెప్పిన బెర్నిస్ రాబిన్సన్ వృత్తి స్త్రీల జుట్టు తీర్చిదిద్దడం. మీరేం నేర్చుకోవాలనుకుంటున్నారని ఆమె ముందుగా వాళ్లనే అడిగారు. పేరు రాయడం, బైబిల్ చదవడం, మనియార్డరు ఫారం నింపడం అన్నారు వాళ్లు. పాఠం అక్కడి నుంచే మొదలైంది. అలాంటి బడులు దక్షిణ రాష్ట్రాలంతటా వెలిశాయి. అక్షరాస్యత పరీక్షలకు అడ్డుకట్ట వేసిన ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టు 6న వచ్చింది.

తలుపు తట్టినా పని జరగని సందర్భం ఒకటి మన దేశంలోనే ఉంది. తొలి సాధారణ ఎన్నికల జాబితా తయారుచేస్తూ సిబ్బంది గడప గడపకూ వెళితే, చాలామంది స్త్రీలు ఫలానా ఆయన భార్యను, ఫలానా అబ్బాయి తల్లిని అన్నారే తప్ప సొంత పేరు చెప్పలేదు. పేరు లేనిదే నమోదు చేయడానికి వీల్లేదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకు ఎక్కలేదు. సేన్ చేసింది సరైన పనే అని నా నమ్మకం. ఓటు మనిషిది, ఆ మనిషికి పేరుండాలి. అయినా ఆ సంఖ్య నన్ను బాధిస్తుంది. కాగితాలు పట్టుకొచ్చిన కొత్త మనిషి పక్కన తెలిసిన ఒక పక్కింటావిడ నిలబడి, "పరవాలేదమ్మా, నీ పేరు చెప్పు" అని ఉంటే ఎంతమంది నోరు విప్పేవారో!

ఇరుగుపొరుగు సేవకు ఓటుతో ఏమిటి సంబంధమని అడిగేవారికి నేను చూపించేది ఈ లోటునే. జ్వరంతో పడుకున్న వృద్ధురాలికి మందులు తెచ్చిచ్చే వ్యక్తికే ఆమె ఇల్లు మారిందనీ, జాబితాలో పాత చిరునామా ఉందనీ తెలుస్తుంది. ఫారం నింపి పెడతానంటే ఆమె నమ్మేదీ ఆ వ్యక్తినే.

బయట బల్ల మీద మన ప్రాంతపు ఓటర్ల జాబితా ప్రతులు పెట్టించాను. వెళ్లేటప్పుడు మీ పేరు చూసుకోండి. తరువాత మీ ఇంటికి కుడిపక్క వాళ్ల పేర్లు, ఎడమపక్క వాళ్ల పేర్లు వెతకండి. కనిపించని పేర్లు అక్కడున్న కాగితం మీద రాసి పెట్టండి. రేపు ఉదయం వాళ్ల ఇళ్లకు వెళదాం.