దెయ్యం కన్నా మేనేజరంటేనే భయం

అందరికీ నమస్కారం. దెయ్యాల నవలలు చదివేవాళ్లం పుస్తకంతో పోట్లాడుతుంటాం. "ఒరేయ్, ఆ తలుపు తియ్యకురా" అని అర్ధరాత్రి పైకే అనేస్తాం. వాడు వినడు, తీస్తాడు.

దెయ్యం ఇంట్లో ఉంటే మనం మొదట అడిగేది, ఖాళీ చేసి పోవచ్చుగా అని. దానికి జవాబు వెతకలేక రచయితలు నానా తంటాలు పడతారు. ఆఫీసులోనో షాపులోనో ఉంటే ఆ బాధ లేదు. జీతం ఉంది, తీర్చాల్సిన అప్పుంది. ఇంత మంచి కారణం చేతిలో పెట్టుకుని కూడా పాత్రల చేత తిక్క పనులు చేయిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక సీన్ అనుకుందాం. పెద్ద గోడౌన్, నైట్ షిఫ్ట్, ముగ్గురు మనుషులు. కింద ఎవరో నిచ్చెన ఈడుస్తున్న చప్పుడు. సీసీ కెమెరాలో చూస్తే నిచ్చెన గోడకే ఆనించి ఉంది, చప్పుడు మాత్రం ఆగలేదు. ఇక్కడిదాకా బ్రహ్మాండం. అప్పుడు సూపర్‌వైజర్ "నువ్వు అటు వెళ్లు, నేను ఇటు చూస్తా" అంటాడు. ఎందుకయ్యా? ముగ్గురూ కలిసి వెళ్తే దెయ్యం ఏమన్నా అనుకుంటుందా? విడిపోకపోతే తర్వాతి చాప్టర్లో ఒకడు చావడు, అదీ సంగతి.

ఇదే సీన్లో ఆయన రిజిస్టర్ తీసి, "రెండు గంటల రౌండ్‌కి సంతకం లేకపోతే పొద్దున్నే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడనుకోండి. మిగతా ఇద్దరూ రామన్నారు. టార్చ్ పట్టుకుని ఒక్కడే మెట్లు దిగాడు. పని అంతే తెలివితక్కువది. కానీ ఇప్పుడు నాకు కోపం రాదు, టెన్షన్ వస్తుంది.

1898లో హెన్రీ జేమ్స్ రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' చూడండి. పిల్లల్ని చూసుకోవడానికి కుదిరిన అమ్మాయికి యజమాని పెట్టిన షరతు ఒక్కటే: ఏం జరిగినా తనని కదిలించకూడదు, ఉత్తరం కూడా రాయకూడదు. దెయ్యాలు కనబడుతున్నా, ఇల్లు చూసుకునే ఆవిడ ఆయనకి కబురు పెట్టమన్నా ఒప్పుకోదు. మనం పళ్లు కొరుక్కుంటాం. కానీ ఆయన దగ్గర మంచి పేరు తెచ్చుకోవాలన్న ఆమె ఆరాటం మనకి తెలుసు.

స్టీఫెన్ కింగ్ 1977 నవల 'ది షైనింగ్'లో, చలికాలం మూసేసిన దెయ్యాల హోటల్‌కి కాపలా ఉద్యోగంలో చేరిన జాక్ మరీ ఘోరం. మంచులో చిక్కుకున్న హోటల్ నుంచి బయటపడటానికున్న స్నోమొబైల్‌ని తన చేత్తోనే పాడుచేస్తాడు. హోటల్ అతని బుర్ర తినేస్తోంది, నిజమే. అయితే విద్యార్థిని కొట్టి టీచరుద్యోగం పోగొట్టుకున్న మనిషి, ఇదీ వదిలేస్తే ఇంకెక్కడికి పోతాడు?

ఫోన్‌కి సిగ్నల్ లేకపోవడం గురించి మాట్లాడను. అందులో రచయితలందరికీ క్షమాభిక్ష.

ఒక్కడున్నాడు, ప్రాణాలతో గేటు దాటాక బ్యాగ్ మర్చిపోయానని మళ్లీ లోపలికి పరిగెత్తేవాడు. బ్యాగులో మూడు నెలల జీతం ఉందంటే, ఏమో, నేనూ వెళ్తానేమో. ఛార్జర్ కోసమంటే మాత్రం అక్కడే పుస్తకం మూసి పడుకుంటాను.