నమూనా లేని అల్లికలో తప్పొప్పులు

అందరికీ నమస్కారం.

ఫ్రీఫార్మ్ అల్లిక మాట ఎత్తగానే తరచు వినిపించే వాక్యం ఒకటుంది: "ఇందులో తప్పులంటూ ఉండవు." కొత్తవారికి ధైర్యం చెప్పడానికి అనే మాట ఇది. ఆ ఉద్దేశం మంచిదే. కానీ దాన్ని అక్షరాలా నమ్మి మొదలుపెట్టినవారు, చేతిలోని ముక్క ముడుచుకుపోయినప్పుడో, కష్టపడి అల్లిన శాలువా ఒక్క ఉతుకుతో ఒక పక్కకు కుంగిపోయినప్పుడో, లోపం ఎక్కడుందో తెలియక పనినే పక్కన పెట్టేస్తారు. తప్పులుంటాయి. కాగితం మీది నమూనాతో పోల్చి పట్టుకునే తప్పులు ఇక్కడ లేవు, అంతే. అల్లిన బట్టలో తప్పులు ఉంటాయి. వాటిని కనిపెట్టే చూపు అలవడితేనే ఈ పనిలోని ఆనందం పూర్తిగా దక్కుతుందని నా నమ్మకం. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ చూపు గురించే.

మామూలుగా మనం స్వెటర్ అల్లినా లేసు అల్లినా, ఎన్ని కుట్లు ఎక్కించాలో, ఏ వరుసలో ఎన్ని తగ్గించాలో రాసిపెట్టుకుని దాని వెంట నడుస్తాం. ఫ్రీఫార్మ్‌లో ఆ రాత ఉండదు. అరచేతిలో పట్టేంత తునకలను, ఒక్కో తునకలోనే రెండు మూడు రకాల ఊలుతో, నాలుగైదు రకాల కుట్లతో, దిశ మారుస్తూ అల్లుకుంటూ పోతారు. ఈ తునకలను స్క్రంబుల్స్ అంటారు. తర్వాత వాటిని పేర్చి, కలిపి, శాలువాగానో కోటుగానో గోడకు వేలాడదీసే పటంగానో మలుస్తారు.

ముక్కలు విడిగా అల్లి తర్వాత కలపడం కొత్త ఆలోచన కాదు. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహా కరువు మొదలైనప్పుడు, ఎన్నో కుటుంబాలకు క్రోషే లేసు, అంటే కొక్కెంతో అల్లే లేసు, కూడు పెట్టింది. ఆ లేసులో గులాబీలు, ఆకులు, తీగలు దేనికది విడిగా అల్లేవారు. వాటిని గుడ్డ మీద అమర్చి, కదలకుండా వదులు కుట్లు వేసి, మధ్యలోని ఖాళీని సన్నని వల అల్లికతో నింపేవారు. పని పూర్తయ్యాక అడుగు గుడ్డను విప్పేసేవారు. పువ్వులు అల్లేవారు వేరు, వాటిని కలిపేవారు వేరుగా ఉండటం అక్కడ మామూలు. కలపడం కూడా దానికదే ఒక విద్య అని వారికి తెలుసు. తర్వాత 1970లలో, 80లలో ఇంగ్లండ్‌లో జేమ్స్ వాల్టర్స్, సిల్వియా కాష్ క్రోషేను అచ్చు నమూనాల నుంచి బయటకు తెచ్చి, రంగునూ ఊలు స్వభావాన్నీ చూసి అప్పటికప్పుడు నిర్ణయించుకునే పద్ధతిగా నేర్పారు. ఆస్ట్రేలియాలో ప్రూడెన్స్ మేప్‌స్టోన్, జెన్నీ డౌడ్ సూదుల అల్లికనూ (నిట్టింగ్) క్రోషేనూ కలిపి చేసే ఫ్రీఫార్మ్ గురించి పుస్తకాలు రాశారు.

ఆ రెండింటినీ కలపడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అక్కడే చాలామంది తడబడతారు. క్రోషేలో సాధారణంగా కొక్కెం మీద ఒకే ఒక్క ఉచ్చు ఉంటుంది. ఒక కుట్టు పూర్తయిందంటే చాలు, ఎటైనా తిరగొచ్చు. వెనక్కి పోవచ్చు, పక్కకు పోవచ్చు, అల్లేసిన దాని మీదుగా కూడా నడవొచ్చు. సూదుల అల్లికలో అలా కుదరదు. వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదే ఉంటాయి. ఒక్కటి జారినా కింది వరుసల దాకా నిలువునా విడిపోతుంది. దిశ మార్చాలంటే వరుసను మధ్యలో ఆపి వెనక్కి తిరగాలి, లేదా కుట్లన్నీ ముగించి, అంచు వెంబడి కొత్త కుట్లు ఎత్తుకోవాలి. అందుకే ఫ్రీఫార్మ్ అనగానే అందరూ క్రోషే వైపు మొగ్గుతారు. అయితే సూదుల అల్లికకు ఉన్న సాగుడు, ఒంటి మీద జాలువారే మెత్తదనం క్రోషేకు రావు. క్రోషే బట్ట మందంగా, కొంచెం బిరుసుగా ఉంటుంది. ఒంటి మీద వేసుకునే వస్త్రమైతే సగమైనా సూదుల అల్లిక ఉండాలని నా అభిప్రాయం. క్రోషే తునకల్లో కన్ను ప్రతి అంగుళానికీ ఆగుతుంది. వాటి పక్కన సాదాగా అల్లిన జాగా ఉంటే కంటికి ఊపిరాడుతుంది.

ఇక తప్పుల సంగతి. గుండ్రని తునకను తీసుకుందాం. పొట్టి కుట్లతో, అంటే సింగిల్ క్రోషేతో, మధ్యలో 6 కుట్లు వేసి, చుట్టుకు 6 చొప్పున పెంచుకుంటూ పోతే బిళ్ళ చదునుగా వస్తుంది. 6 మాత్రమే ఎందుకు? ఒక్కో చుట్టుతో వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు మేర పెరుగుతుంది. వ్యాసార్ధం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. ఈ కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం కాబట్టి ఆరు కుట్లతో సరిపోతుంది. డబుల్ క్రోషే పొడుగు కుట్టు, దాని ఎత్తు వెడల్పుకు సుమారు రెట్టింపు, అందుకే దానికి 12 కావాలి. ఇంతకంటే తక్కువ పెంచితే అంచు బిగుసుకుని ముక్క గిన్నెలా లోపలికి వంగుతుంది. ఎక్కువ పెంచితే అంచుకు చోటు చాలక కుచ్చిళ్ళు పడతాయి. ఫ్రీఫార్మ్‌లో ఎవరూ కుట్లు లెక్కపెట్టరు, కానీ లెక్క మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

ఆ కుచ్చిళ్ళ వెనుక ఎంత గణితం ఉందో ఒక ఉదాహరణ చెబుతాను. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రవేత్త డైనా టైమినా, ప్రతి వరుసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుతూ క్రోషేతో హైపర్‌బోలిక్ తలాన్ని, అంటే అంచుకు పోయేకొద్దీ విపరీతంగా విస్తరించి కుచ్చిళ్ళు పడే ఉపరితలాన్ని, అల్లారు. అంతకుముందు కాగితం ముక్కలు అతికించి చేసే నమూనాలు నాలుగు చేతులు మారేసరికి చిరిగిపోయేవి. అల్లినది మడత పెట్టినా, లాగినా చెక్కుచెదరలేదు. 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్తైమ్ అనే కవల అక్కచెల్లెళ్ళు ఆ పద్ధతినే తీసుకుని పగడపు దిబ్బను అల్లడం మొదలుపెట్టారు. టైమినా పాటించిన నిష్పత్తిని వారు కచ్చితంగా పాటించలేదు. ఒక చోట ఎక్కువ, మరో చోట తక్కువ పెంచుతూ పోయారు. అప్పుడు ఆ ముక్కలు సముద్ర జీవుల పోలికలోకి వచ్చాయి. నియమం తెలిసి దాన్ని సడలించడం అంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

కాబట్టి ముక్క ముడుచుకోవడం తప్పా? అది పెట్టే చోటును బట్టి ఉంటుంది. మోచేతి దగ్గరో, ఛాతీ దగ్గరో, భుజం వంపులోనో అలాంటి ఉబ్బు ఒంటికి చక్కగా అమరుతుంది. వీపు మధ్యలో అదే ముక్క పెడితే కూర్చున్న ప్రతిసారీ గుచ్చుకుంటుంది. అందుకని రెండు వరుసలకు ఒకసారి తునకను బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి. వేళ్ళతో సాగదీసి చూస్తే ఏ ముక్కయినా చదునుగానే కనిపిస్తుంది, దానంతట అది ఎలా కూర్చుంటుందో చూడాలి. లోపలికి వంగుతుంటే తర్వాతి వరుసలో అక్కడక్కడ ఒకే కుట్టులో రెండేసి వేయండి. కుచ్చిళ్ళు పడుతుంటే అక్కడక్కడ ఒక కుట్టు వదిలేయండి. వెంటనే చూసుకుంటే ఒకటి రెండు వరుసల్లో సర్దుకుంటుంది. మరీ ముందుకు పోయాక అంచును ఎంత దిద్దినా లోపలి వంకర అలాగే ఉండిపోతుంది.

ఆనందం గురించి చెబుతానని వచ్చి లెక్కల్లో పడ్డానని మీకు అనిపించవచ్చు. నాకైతే రెండూ ఒకచోటే ఉన్నాయి. బులియన్ కుట్టు వేసేటప్పుడు గమనించండి. కొక్కెం కాడకు ఊలును వదులుగా ఏడెనిమిది చుట్లు చుడతాం. కొక్కేన్ని అల్లికలో దూర్చి, ఊలును అందుకుని బయటకు లాగుతాం. ఇప్పుడు ఆ ఉచ్చు చుట్లన్నింటి గుండా ఒక్కసారిగా జారాలి. చుట్లు బిగుతుగా ఉంటే మధ్యలో తట్టుకుని ఆగిపోతుంది. మరీ వదులైతే తీగ చుట్ట మెలితిరిగి వికారంగా వస్తుంది. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో చుట్లను మెత్తగా పట్టుకుని, కొక్కెం మొనను కిందికి తిప్పి, తొందరపడకుండా లాగాలి. అది సాఫీగా జారి, ఒత్తుగా మెరిసే చిన్న తీగ చుట్ట అల్లిక మీద నిలబడ్డప్పుడు కలిగే సంతోషం అనుభవించినవారికే తెలుస్తుంది. పక్కన ఇంకొకటి వేయాలా, ఇక్కడితో ఆపాలా, ఇక్కడి నుంచి ఎటు తిరగాలి అన్నది ఆ చుట్ట వంపును చూస్తేనే తోస్తుంది. తర్వాతి వరుసలో ఏముందో కాగితం ముందే చెప్పేస్తే ఈ ఉత్కంఠ ఉండదు. అల్లుతున్నంతసేపూ మనసు చేతి దగ్గరే ఉండడానికి కారణం అదే.

అదే స్వేచ్ఛ బరువు కూడా అవుతుంది. ప్రతి కుట్టుకూ నిర్ణయం మనదే కావడంతో, కాసేపటికి తల బరువెక్కి చేయి ఆగిపోతుంది. బుట్టలోని ఊలంతా ముందు పోసుకుని కూర్చునేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మీకు మీరే హద్దు గీసుకోండి. ఐదు రకాల ఊలు, ఒకే కొక్కెం, మూడు రకాల కుట్లు అని పెట్టుకుని మొదలుపెడితే చేయి తేలికగా కదులుతుంది. రంగుల విషయంలో ఒక్క సూచన చాలు: ఎంచుకున్న ఊలు ఉండలను ఒకచోట పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీయండి. అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే, కుట్లు ఎంత చక్కగా వేసినా దూరం నుంచి ఒకదాన్నుంచి మరొకటి విడివడి కనిపించవు. కొంచెం లేతదో, బాగా ముదురుదో ఒకటి చేర్చండి.

ఇల్లు అలకగానే పండగ కాదు. తునకలు అల్లడం పనిలో సగమే, నా దృష్టిలో తేలికైన సగం. కలపడం దగ్గరే వస్త్రం నిలుస్తుందో లేదో తేలుతుంది. అయినా ఎక్కడ విన్నా తునకల గురించి గంటలకొద్దీ మాట్లాడి, కలపడం గురించి రెండు మాటలతో సరిపెట్టేస్తారు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ముందు కావలసిన ఆకారాన్ని పాత దుప్పటి మీదో పెద్ద కాగితం మీదో కొలతలతో గీసుకోవాలి. దాని మీద తునకలను మంచి వైపు పైకి ఉండేలా పేర్చి, జరుపుతూ, తిప్పుతూ చూసి, నచ్చిన అమరికను ఫోటో తీసి పెట్టుకోవాలి. తర్వాత వెనక నుంచి కుట్టడానికి తునకలన్నీ బోర్లించినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అడుగున గీసిన ఆకారం కూడా తిరగబడాలి. కోటు ముందు భాగాలు అల్లేటప్పుడు ఈ సంగతి మరిస్తే రెండూ ఒకే పక్కవి వస్తాయి. అంచుకు అంచు ఆనించి కుట్టాలని పట్టు పట్టకండి. ఒకదాని మీదకు మరొకటి కాస్త ఎక్కితే కుట్టు దాగుతుంది, బలమూ వస్తుంది. కుట్టే దారం సన్నగా, గట్టిగా ఉండాలి. మెత్తగా పేనిన లావు ఊలుతో కుడితే బరువుకు అక్కడే తెగుతుంది.

రెండు గుండ్రటి తునకల మధ్య మిగిలే లోయను పూడ్చడానికి కుట్ల ఎత్తును వాడుకోవాలి. లోతు తక్కువున్న చోట పొట్టి కుట్టు, లోతు పెరిగే కొద్దీ పొడుగు కుట్లు, అట్టడుగున అన్నిటికంటే పొడవైనది, మళ్ళీ క్రమంగా పొట్టివి. ఒక్క వరుసలో లోయ చదునై, తర్వాతి తునకకు సరైన అంచు సిద్ధమవుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఎగుడుదిగుడుగా ఉన్న రెండు ముక్కలు ఒక్క వరుసతో ఒకదానికొకటి చెందినట్టు అయిపోతాయి.

దారం కొసల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఊలు మార్చిన ప్రతిసారీ రెండు కొసలు మిగులుతాయి. బెత్తెడుకు తగ్గకుండా వదిలి, ఒక దిశలో దూర్చి, మళ్ళీ ఎదురు దిశలో దూర్చాలి. ఏ తునక కొసలు ఆ తునక పూర్తవగానే దాచేయండి. అన్నీ చివరికి ఉంచుకుంటే ఆ రాశిని చూసి విసుగొస్తుంది. ఉతకడం విషయానికి వస్తే, గొర్రె ఊలు వేడి నీళ్ళలో రుద్దితే చిక్కబడి ముడుచుకుంటుంది, నూలు నీరు పీల్చి బరువుకు సాగుతుంది, యాక్రిలిక్ వేడి ఇస్త్రీకి జీవం కోల్పోయి చప్పబడుతుంది. మూడూ కలిసిన వస్త్రాన్ని చల్లటి నీళ్ళలో ముంచి, పిండకుండా తువ్వాలులో అదిమి, పరిచి ఆరబెట్టాలి. ముదురు ఎరుపు, నీలం ఊలు వాడేముందు ఒక కొసను తడిపి తెల్ల గుడ్డ మీద ఒత్తి చూడండి. రంగు దిగితే ఆ ఉండను ఈ పనికి వాడకండి.

మరో చిక్కు, ఇందులో ఏదీ రెండోసారి రాదు. కోటుకు కుడి చేయి అల్లిన తర్వాత ఎడమ చేయి అచ్చం అలాగే రావాలని చూసేవారు అలసిపోతారు. పొడవు, చుట్టుకొలత, మొత్తం బరువు సరిపోతే చాలు. తునకలు, రంగుల వరుస వేరుగా ఉండనివ్వండి. అయితే బరువును మాత్రం నిజంగానే తూచి చూడండి. ఒక చేయి బరువైతే మెడ ఆ పక్కకు జారుతుంది.

ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుందని తరచు అడుగుతారు. అన్నీ కలిపాక వస్త్రాన్ని ఒకటి రెండు రోజులు హ్యాంగరుకు తగిలించి ఉంచండి. దాని బరువుకు అది ఎక్కడ సాగాలో అక్కడ సాగుతుంది. భుజాల దగ్గర దిగితే లోపలి వైపు ఒక వరుస గట్టి గొలుసు కుట్టు వేయండి. కింది అంచు ఎగుడుదిగుడైతే ఇందాక చెప్పిన పొట్టి, పొడుగు కుట్లతో సమం చేయండి. తొడుక్కుని, చేతులు పైకెత్తి, కూర్చుని, లేచి చూడండి. ఎక్కడా లాగకపోతే, ఎక్కడా మీ కన్ను పదే పదే పోయి ఆగకపోతే, అప్పుడు ఎడమ నుంచి కుడికి వేసే క్రాబ్ కుట్టుతో అంచు కట్టేయండి. పేనిన తాడులా గట్టిగా నిలుస్తుంది. దాని మీద మరో వరుస వేయడం కష్టం కాబట్టి, ఆ వరుసకు మాత్రం తొందరపడకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.