వట్టిపోయిన గేదె కూడా లెక్కలోకి రావాలి

సభకు నమస్కారం. పాడి రైతులు, పాల కేంద్రాలు నడిపేవారు, కళాశాల విద్యార్థులు ఒకే హాలులో కూర్చోవడం మన జిల్లాల్లో తరచూ జరిగే పని కాదు. అందుకే ఉపోద్ఘాతం తగ్గించి విషయంలోకి వస్తాను.

పశువుల వల్ల భూమి వేడెక్కుతోందనే మాట మీరందరూ వినే ఉంటారు. అది విని కొందరికి ఒళ్లు మండుతుంది. మరికొందరు తలూపి పాలు మానేస్తామంటారు. లెక్క చూడకుండానే ఇద్దరూ తీర్పు చెప్పేస్తున్నారు. ఇవాళ ఆ లెక్క ఎలా కడతారో, మన గోదావరి డెల్టాకు వచ్చేసరికి అది ఎక్కడెక్కడ మెలిక పడుతుందో చెబుతాను.

ఈ పద్ధతి పేరు జీవితచక్ర మదింపు. గడ్డి పండిన చేను దగ్గర మొదలుపెట్టి పాక, పాల కేంద్రం, శీతలీకరణ, ట్యాంకరు, ప్యాకెట్టు వరకు ప్రతి మెట్టులో ఖర్చయిందీ, గాలిలోకీ నీటిలోకీ పోయిందీ పద్దు రాస్తారు. దానికి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 14040, 14044 ప్రమాణాలు 2006లో ఇప్పటి రూపంలో వచ్చాయి. వినడానికి గంభీరంగా ఉంటుంది కానీ సగం మీకు తెలిసిన పనే. పాల కేంద్రంలో ఇద్దరు చెరో లీటరు పోస్తే ఇద్దరికీ ఒకే డబ్బు ఇవ్వరు, వెన్న శాతం చూసి ధర కడతారు. పర్యావరణ లెక్కలోనూ అంతే. ఎక్కడి పాలనైనా 4 శాతం వెన్న, 3.3 శాతం మాంసకృత్తులు ఉన్న ప్రామాణిక పాలుగా మార్చి పోలుస్తారు. 7 శాతం వెన్న, 3.8 శాతం మాంసకృత్తులు ఉన్న కిలో గేదె పాలు ఆ సూత్రంలో వేస్తే 1.4 కిలోల ప్రామాణిక పాలవుతాయి. ఈ మార్పిడి చేయకుండా మన గేదె పాలను విదేశీ ఆవు పాలతో లీటరుకు లీటరు పోల్చిన పట్టిక ఎక్కడైనా కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ప్రపంచ సగటు ఎంత? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం కిలో ప్రామాణిక పాలకు దాదాపు 2.4 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారాలు వస్తాయి. ఆ ఉద్గారాల్లో సగటున 93 శాతం, పాలు పాక దాటకముందే వచ్చేస్తాయి. ప్యాకెట్టు, ట్యాంకరు, ఫ్రిజ్ అన్నీ కలిపినా మిగిలింది 7 శాతం. ప్యాకెట్ల ప్లాస్టిక్ మురుగు కాలువల్లో పేరుకోవడం నాకూ కంటగింపే, కానీ అది వేరే పద్దు.

పాకలో అంత భారం దేనివల్ల వస్తోంది? ప్రధానంగా మీథేన్ వల్ల. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు గేదె పెద్దపొట్టలో ఈ వాయువును తయారుచేస్తాయి. వ్యంగ్యచిత్రాలలో పశువు తోక వైపు చూపిస్తారు కానీ చాలావరకు నోటి నుంచే, త్రేన్పుల రూపంలో వస్తుంది. తిన్న మేతలోని శక్తిలో సుమారు 6.5 శాతం ఇలా గాలికి పోతుందని అంచనా. రైతు కోణంలో చూస్తే అది డబ్బు పెట్టి కొన్న దాణా.

ఒక గేదెను తీసుకుని లెక్క కడదాం. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2006 మార్గదర్శకాలు గేదెకు ఏడాదికి 55 కిలోల మీథేన్ అని మోటు అంచనా ఇచ్చాయి. నూరేళ్ల కాలానికి చూస్తే కిలో మీథేన్ దాదాపు 27 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. అంటే ఏడాదికి 1485 కిలోలు. మన గేదె ఈతకు, అంటే ఒక కాన్పుకు, 1800 లీటర్లు ఇస్తుందనుకోండి. ఈతకూ ఈతకూ మధ్య 14 నెలలైతే ఏడాదికి 1540 లీటర్ల పైచిలుకు పడుతుంది, లీటరుకు 0.96 కిలోలు. అదే గేదె, అదే మేత, అదే పాలు, కానీ ఈతల మధ్య 18 నెలలు గడిస్తే ఏడాదికి 1200 లీటర్లే. లీటరుకు 1.24 కిలోలు. పాలు పితికే నెలల్లో ఏ మార్పూ లేకుండానే భారం పావువంతుకు పైగా పెరిగింది. పెరిగినదంతా వట్టిపోయి పాకలో నిలబడిన నెలలదే. ఇది కడుపులోంచి వచ్చే మీథేన్ ఒక్కటే సుమా. పేడ, మేత, కరెంటు ఇంకా కలపలేదు.

పడ్డను కూడా కలపాలి. మొదటి ఈతకు మూడున్నర, నాలుగేళ్లు పట్టే పడ్డ అన్నాళ్లూ చుక్క పాలు ఇవ్వకుండా మేస్తుంది, త్రేన్చుతుంది. ఆ భారమంతా తర్వాత ఇచ్చే పాల మీదే పడుతుంది.

ఇక్కడ నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. దున్నదూడ పుడితే మన ఊళ్లలో దాని గతి ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పాలు తాగనివ్వక, మందు పోయించక, నెల తిరగకుండా పోయేవి ఎన్నో. లెక్కలో మాత్రం చచ్చిన దూడ మేయదు, మీథేన్ వదలదు, లీటరు అంకె అందంగా తగ్గుతుంది. కొలతకు జాలి లేదు. అంకె తగ్గింది కదా అని మురిసిపోయేముందు ఎందుకు తగ్గిందో అడగాలని విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక మన అసలు మేత, ఎండు వరిగడ్డి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరిసీమ అయింది. సార్వా గడ్డి, దాళ్వా గడ్డి మేటు వేసుకుని ఏడాదంతా మేపడం మన పద్ధతి. వరిచేను కూడా నీళ్లు నిలిచి ఉన్నప్పుడు మీథేన్ వదులుతుంది. మరి ఆ పాపం ధాన్యానిదా, గడ్డిదా? ఎక్కువమంది ధర ప్రకారం పంచుతారు. ఎకరా పంట విలువలో గడ్డి వాటా పదోవంతు అయితే చేను భారంలో పదోవంతు గేదెకు వెళుతుంది. గడ్డి ధర పెరిగిన ఏడు గేదె పాపమూ పెరుగుతుందన్నమాట! చేనులో ఒక్క బుడగ కూడా ఎక్కువ రాకపోయినా సరే. ఇంకొకరు గడ్డి వ్యర్థమే కనుక సున్నా వేస్తామంటారు. యంత్రంతో కోసి గడ్డిని చేలోనే తగలబెడుతున్న చోట నేనూ ఆ వాదనవైపే మొగ్గుతాను, మంటకు పోయే గడ్డిని గేదె పాలుగా మార్చింది కనుక. కట్టలు కట్టి లారీలకెత్తి అమ్ముకునే చోట మాత్రం అది సరుకే, వాటా మోయాల్సిందే. ఒకే మండలంలో రెండు ఊళ్లకు రెండు జవాబులు రావచ్చు. చేలు చెరువులై రొయ్యలు, చేపలు పెంచుతున్న ఊళ్లలో గడ్డి బయటినుంచే వస్తుంది కాబట్టి దాని రవాణా కూడా కలపాలి.

మనిషి తినలేనిది తిని పాలిస్తోంది కదా, ఇంకా నింద ఎందుకు అంటారా? నిజమే, గేదెకు ఆ గౌరవం దక్కాలి. అయితే వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే, ఇసుకలాంటి సిలికా ఎక్కువ, అరుగుదల తక్కువ. ఉత్త ఎండుగడ్డి మేపితే లీటరుకు మీథేన్ పెరుగుతుంది. మన పెద్దలు వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవారు. ఆ పచ్చిమేత తోడైతే గడ్డి కూడా బాగా అరుగుతుంది. పచ్చిమేత లేనప్పుడు 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచే పద్ధతి ఉంది. ఆరు నెలలు నిండని దూడలకు ఆ గడ్డి పెట్టకూడదు. ఆ యూరియా తయారీకైన ఇంధనాన్ని కూడా పద్దులో రాయాలి.

నీళ్ల గురించి క్లుప్తంగా. కిలో పాలకు వెయ్యి లీటర్ల నీరు అనే అంకె తరచూ వినబడుతుంది. అందులో అధికభాగం మేత మీద పడిన వానే. కాలువల సీమలో నీటి కొరత కన్నా నీటిలోకి మనం వదిలేదే పెద్ద సమస్య. కాలువ గట్టు మీద పాక, పొద్దున్నే పైపుతో పేడ కడిగితే తిన్నగా కాలువలోకి. ఆ నత్రజని, భాస్వరంతో గుర్రపుడెక్క ఏపుగా పెరుగుతుంది. దాన్ని తీయించడానికి మళ్లీ డబ్బు ఖర్చవుతుంది. పేడను ఎండబెట్టి పిడకలు చేసినా, పెంటపోగు వేసినా మీథేన్ కొంచెమే వస్తుంది. నీళ్లతో కలిపి గుంటలో నిలవ ఉంచితే చాలా ఎక్కువ. పాక శుభ్రంగా కనిపిస్తే పర్యావరణానికి మేలు జరిగినట్టు కాదు. మూడు, నాలుగు గేదెలున్న ఇంటికి రోజుకు 50 కిలోల పేడతో నడిచే 2 ఘనమీటర్ల గోబర్ గ్యాస్ సరిపోతుంది. గ్యాస్ నిలిచే డోముకు పగుళ్లుంటే మాత్రం అసలు కట్టకపోవడమే నయం, మీథేన్ తయారుచేసి మరీ గాలికి వదిలినట్టవుతుంది.

మీథేన్ తగ్గించే దాణా మందుల మాట కూడా వింటున్నారు. ఐరోపా సమాఖ్య 2022లో ఒకదానికి అనుమతి ఇచ్చింది. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ‘హరిత ధార’ అనే మందును రూపొందించింది. రానివ్వండి, వాడి చూద్దాం. కానీ వాటికోసం ఎదురుచూడకుండా ఇవాళే చేయగలిగినది ఎద గుర్తించడం. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, వేసవిలో మరీ. అరవదు, మానం నుంచి జారే తీగలు కనీకనిపించకుండా ఉంటాయి, పాలు ఒక పూట తగ్గుతాయి, అంతే. ఆ ఒక్క రోజు తప్పితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. చూడి కాలం సుమారు 310 రోజులు కాబట్టి ఈనిన 115 రోజుల్లోగా చూడి కడితేనే నేను చెప్పిన 14 నెలల లెక్క నిలుస్తుంది. ఖనిజ లవణాలు, నట్టల మందు, వేళకు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించడం, వీటిని పర్యావరణ కార్యక్రమం అని ఎవరూ అనరు. నా దృష్టిలో డెల్టాలో ఇంతకు మించిన పర్యావరణ కార్యక్రమం లేదు.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఊరిలో పది ఇళ్లకు వెళ్లండి. గేదె చివరిసారి ఎప్పుడు ఈనింది, అంతకుముందు ఎప్పుడు ఈనింది, ఈతకు ఎన్ని లీటర్లు, పాల కేంద్రం చీటీలో వెన్న ఎంత, గడ్డి సొంతమా కొన్నదా, పేడ ఎటు పోతోంది, పాలివ్వని పశువులు ఎన్ని, ఇవి రాసుకోండి. దూడల సంగతి కూడా అడగండి, జవాబు చెప్పకపోతే ఒత్తిడి చేయకండి. ఆ కాగితాలు తెస్తే మీ ఊరి లీటరు లెక్క కలిసి కడదాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, వెనక వరుసలో చెయ్యెత్తినవారి నుంచి మొదలుపెడదాం.